శ్రోత కనబడని గానశాల

ఎదుట వినువాడు లేకుండ గాయకుడు పాడుట మన శాస్త్రకారులు ఎన్నడును ఊహింపని స్థితి. భరతముని నాట్యశాస్త్రమున ఇరువదియేడవ అధ్యాయము ప్రయోగసిద్ధిని గూర్చినది. ఆ సిద్ధి రెండు తెఱగులని మునిమతము. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వుట, సాధు సాధు అని అఱచుట, గగుర్పాటుతో లేచి నిలుచుట, ఉత్తరీయములును ఉంగరములును రంగముమీదికి విసరుట మానుషసిద్ధి. సభ క్రిక్కిఱిసియుండియు చప్పుడు గాని కలత గాని లేకుండుట దైవసిద్ధి. మా పడమటి తాలూకాలలో ఈ రెండవ సిద్ధిని చూచినవారు అరుదు. మార్కాపురమున గాని గిద్దలూరున గాని రాయబారపు పద్యము సాగుచుండ, మూడవపాదము ముగియక మునుపే ‘వన్సుమోరు’ అను కేక వినబడెడిది. భరతుడు వర్ణించిన మానుషసిద్ధికి మావారు పెట్టుకొన్న ఇంగ్లీషు పేరు అదియే.

ఇట్టి కేకలకు అలవాటుపడిన గాయకుని గొనిపోయి, మెత్తని గోడలు గల ఒక గదిలో కూర్చుండబెట్టి, రెండు తలుపులు మూసి, ఎఱ్ఱదీపము వెలిగించి, ‘ఇక పాడుము’ అనినచో అతడేమగును? ఇరువదవ శతాబ్దమున మన సంగీతమునకు కలిగిన మార్పులలో ఇంత నిశ్శబ్దముగా జరిగిన మార్పు మఱియొకటి లేదని నా తలంపు. రేడియో వలన సంగీతము ఇంటింటికి వచ్చినదని అందఱును వ్రాసిరి. ఆ గదిలో పాడినవానికి ఏమి వచ్చినది, ఏమి పోయినది అని అడిగినవారు తక్కువ. ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే మా ప్రాంతపు గడపనుండి అడుగదలచితిని.

మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమలు నల్లమలకును వెలుగొండలకును నడుమ నున్నవి. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువఱకును ఇవి కర్నూలు జిల్లాలోనివి. నీరు తక్కువ, పలకఱాయి ఎక్కువ. తెలుగుదేశమున ఓనమాలు దిద్దిన పిల్లలలో ఎందఱో మార్కాపురపు పలకమీదనే దిద్దిరి. గుంటూరునుండి నంద్యాల మీదుగా గుంతకల్లునకు పోవు రైలుమార్గము దొనకొండ, మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరు స్టేషనులను తాకుచు పోవును. కోస్తా నాటకసమాజములు కిరీటములు, గదలు, తెరలు మూటగట్టుకొని ఈ మార్గముననే దిగెడివని మా పెద్దలు చెప్పుదురు. మా సీమకు సొంతగానము లేకపోలేదు. చెన్నకేశవస్వామి ఆలయమున నాదస్వరము, పల్లెలలో చెక్కభజన, కోలాటము, పీర్లపండుగనాటి డప్పులు, సుగాలి స్త్రీల పాటలు, అడవిలోపల చెంచుల పాటలు అన్నియు కలవు. ఇన్ని రకముల గానము ఉన్న చోట గానశాల ఒక్కటియు లేదు. మా ప్రాంతము రేడియోను వినినది ఎక్కువ. రేడియోలో వినిపించినది తక్కువ.

గానశాలల చరిత్రను క్లుప్తముగా చెప్పెదను. దక్షిణదేశమున రేడియో ప్రసారమునకు మొదట పూనుకొన్నది ప్రభుత్వము కాదు. 1924లో సి. వి. కృష్ణస్వామిసెట్టిగారు మొదలైనవారు చెన్నపట్టణమున స్థాపించిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు నలువది వాట్ల శక్తిగల చిన్నయంత్రముతో ప్రసారమారంభించెను. ఇంటి దీపపు బుడ్డికి కావలసినంత శక్తితో ఒక పట్టణమునకు సంగీతము వినిపింపబూనిన సాహసమది. ధనము చాలక 1927లో క్లబ్బు మూతపడెను. యంత్రము నగరపాలకసంఘమునకు చేరెను. 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి నగరపాలకసంఘమువారే సాయంకాలములందు పాటలు ప్రసారము చేసిరి. సముద్రతీరమున బిగించిన గొట్టములచుట్టు జనము మూగి వినెడివారు. 1935లో నైజాము రాజ్యమున హైదరాబాదు కేంద్రము, ఆ యేడే మైసూరున గోపాలస్వామిగారను మనశ్శాస్త్రపండితుడు తన యింట నెలకొల్పిన కేంద్రము వెలసినవి. ‘ఆకాశవాణి’ అను పేరు ఈ మైసూరు కేంద్రమునకు పెట్టినదే; భారతప్రభుత్వము దానిని 1957లో తనదిగా గైకొనెను. మద్రాసున ఆలిండియా రేడియో 1938 జూన్ 16న తలుపులు తెఱచెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వచ్చెను. కడపకు 1963లో గాని రాలేదు. మా మూడు తాలూకాలు ఈ కేంద్రములన్నిటికిని దూరమే.

ఆ గదిలో ఏమి జరిగెడిదో ఇప్పటివారికి కొంత చెప్పవలసియున్నది. టేపు విరివిగా వాడుకలోనికి వచ్చువఱకును ప్రసారములో హెచ్చుభాగము అప్పటికప్పుడు పాడినదియే. గాయకుడు తప్పుపాడిన ఆ తప్పు గాలిలో కలసిపోయి ఊరూరికి చేరును. మరల పిలిచి దిద్దుటకు వీలులేదు. గోడగడియారము ముల్లు నిర్దేశించిన నిమిషమునకు మొదలిడి నిర్దేశించిన నిమిషమునకు ముగింపవలెను. కచేరీలో విద్వాంసుడు తనకు మనసైనంతసేపు కల్యాణిని పెంచుకొనవచ్చును. ఇచ్చట కల్యాణికి పదునైదు నిమిషములు, ఆపై వార్తలు. ‘వాణి’ పత్రికలో ముందుగానే అచ్చయిన కాలపట్టికను త్యాగరాజస్వామి వచ్చినను దాటరాదు. నాదస్వరమునకు మైకు సమీపమున చోటులేదు; ఆలయప్రాకారములను నింపవలసిన ఆ నాదము గదిలో దూరముగా ఒక మూలకు జరిగి కూర్చుండవలసినదే. వీణకు మాత్రము మహాభాగ్యము పట్టెను. నాలుగువరుసల అవతలికి వినబడని వీణ, మైకు పుణ్యమున నాలుగు జిల్లాల అవతలికి వినబడెను.

ఆ తలుపులలోనుండి లోనికి పోయిన సంగీతములు ఒక్క జాతివి కావు. ఆలిండియా రేడియోకు మొదటి అధిపతి లయొనెల్ ఫీల్డెను. 1935లో లండనునుండి వచ్చిన ఆంగ్లేయుడు, బి.బి.సి. వద్ద పనినేర్చినవాడు. ఆయన కాలమున జాన్ ఫౌల్డ్సు అను ఆంగ్లేయ వాగ్గేయకారుడు ఢిల్లీ కేంద్రమున పాశ్చాత్యసంగీత విభాగమునకు పెద్దగా నుండి, మన వాద్యకారులను ఒకచోట కూర్చి, వ్రాసిన స్వరమును చూచి వాయించు బృందమును తయారుచేయ యత్నించెను. ఆ యత్నము పూర్తికాకయే 1939లో కలకత్తాలో వాంతిభేదితో మరణించెను. బొంబాయి కేంద్రమున వాల్టరు కౌఫ్‌మను అను మఱియొక విదేశీయుడుండెను. ఆయన బొహీమియా దేశమునబుట్టిన యూదుడు. 1934లో ఐరోపా విడిచి బొంబాయి చేరినవాడు. ప్రతి ఉదయము రేడియో మేల్కొనునప్పుడు తంబూరా శ్రుతిమీద వయొలిను పలికించు ఆ చిన్న రాగపుతునకను కూర్చినది ఈయనయే యని ప్రసిద్ధి. నా బాల్యమున మా వీధిలో పాలు పితుకువేళకు గుర్తు ఆ రాగమే. తన దేశమున తలదాచుకొన చోటులేనివాడు కూర్చిన స్వరము విని మా అవ్వ పొయ్యి రాజవేసెడిది. ఈ సంగతి ఆమెకు తెలియదు. తెలిసినను ‘పాపము ఎవరి బిడ్డో’ అని యుండును.

1952లో ఏర్పడిన ఆకాశవాణి వాద్యబృందమును పండిత రవిశంకరుగారును, టి. కె. జయరామయ్యరుగారును నడపిరి. తరువాత మన తెలుగువాడు, వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారును ఆ బృందమునకు నాయకత్వము వహించిరి. హిందూస్థానీయులు, కర్ణాటకులు ఒకే గదిలో ఒకే చాపమీద కూర్చుండి వాయించుట రాజాస్థానములందు అపురూపముగా జరిగినది, రేడియోలో ఉద్యోగధర్మమైనది.

ఇంత ఉదారముగా తెఱచిన తలుపులు ఒక పెట్టెకు మాత్రము తెఱచుకొనలేదు. అది హార్మోనియము.

హార్మోనియము పరదేశపు వస్తువు. 1840 ప్రాంతమున పారిసులో పుట్టి, మిషనరీల వెంట ఓడయెక్కి వచ్చి, కలకత్తాలో కాలితో తొక్కుటకు బదులు చేతితో తిత్తి ఊదునట్లు మార్పునొంది, దేశమంతట వ్యాపించినది. ధారవాడ, పారసీ నాటకసమాజముల వెంట తెలుగు రంగస్థలమెక్కి, మన పద్యనాటకమునకు ప్రాణమై కూర్చున్నది. సంగీతజ్ఞులు దీనిని తొలినుండి ద్వేషించిరి. ‘హిందూస్థాన సంగీతము’ను గూర్చి 1914లో పెద్దగ్రంథము వ్రాసిన ఫాక్సు స్ట్రాంగ్‌వేసు, ఆ పిమ్మట ఫౌల్డ్సు, ఆనందకుమారస్వామి, రవీంద్రనాథఠాకూరు అందఱును దీనికి విరోధులే. కారణము స్పష్టము. దాని మెట్లు పన్నెండును బిగిసిపోయినవి. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జాఱుట, ఊగుట, ఒరయుట దానికి శక్యము కాదు. గమకము దానికి పుట్టువెఱుగని విద్య. 1940 మార్చి 1వ తేదీనుండి ఆలిండియా రేడియో తన గానశాలలనుండి హార్మోనియమును బహిష్కరించెను. ఈ బహిష్కారము స్వాతంత్ర్యము వచ్చినను పోలేదు. 1971 వఱకును సడలలేదు. ఆంగ్లేయాధికారి వేసిన ఉత్తరువులలో స్వతంత్రభారతమున ఇంత భక్తితో కాపాడబడినవి అరుదు.

పరదేశపుదను మాట వాదమునకు నిలువదు. వయొలినును పరదేశపుదే. ముత్తుస్వామిదీక్షితులవారి తమ్ముడు బాలుస్వామిదీక్షితులు చెన్నపట్టణమున దొరలవద్ద దానిని నేర్చి మన సంగీతమున ప్రవేశపెట్టెను. నేడు అది లేని కచేరీ లేదు. గమకము పలుకదను వాదము మాత్రము గట్టిది. కీర్తనకు, వర్ణమునకు, రాగాలాపనకు హార్మోనియము తగదని నేనును ఒప్పుకొందును. కాని పద్యమున కేది తగునో ఎవ్వరిని అడిగి నిర్ణయించిరి? మార్గము, దేశి అని సంగీతమును రెండుగా విభజించిన మన శాస్త్రము దేశిని ఆయా దేశపు జనుల రుచికి వదలిపెట్టినది. మతంగుని గ్రంథమునకు ‘బృహద్దేశి’ యనియే పేరు. రేడియో మార్గపు కొలతబద్దతో దేశిని కొలిచినది. ఢిల్లీలో కూర్చున్నవారు గజలునో ఖయాలునో తలచి వేసిన ఉత్తరువు, గిద్దలూరు తాలూకాలో పాండవోద్యోగము పాడు కమ్మరివానికిని, మంగలివానికిని, బడిపంతులుకును తగిలినది.

ఆ ఉత్తరువు తగిలినవానినొకనిని నేను ఎఱుగుదును. గిద్దలూరు చేరువ పల్లెలోని హార్మోనిస్టు. నేను చిన్నవాడనుగా నున్నప్పుడే ఆయన వృద్ధుడు. ఆయన యౌవనమున వారి సమాజమును ఒక పట్టణములోని గానశాలకు పిలిచిరట. ఏ పట్టణమో నేను చెప్పను. పద్యము పాడువారు నలుగురును లోనికి పోయిరి. ఈయన గుడ్డలో చుట్టిన పెట్టెను ఒడిలో పెట్టుకొని వెలుపల వసారాలో కూర్చుండెను. లోపల కృష్ణవేషధారికి తంబూరా శ్రుతి యిచ్చిరి, వయొలిను పక్కవాద్యము. వసారాగోడకు బిగించిన పెట్టెలోనుండి లోపలి గానము వినబడుచుండెను.

‘మావాడు అలవాటు చొప్పున రాగం ఎత్తుకొని, ఎత్తుకొని, పైకి పొయ్యి ఆడ నిలబడినాడు నాయనా. చప్పట్లకోసం కాచుకున్నాడు. చప్పట్లేవీ? ఎఱ్ఱ బుడ్డి తప్ప ఇంకేం లేదు. దిగొచ్చేటప్పటికి గంట అయిపొయ్యింది. కృష్ణుడు సభలోకి పోకముందే వార్తలొచ్చినాయి.’

ఇది చెప్పి ఆయన చాలసేపు నవ్వెను. ఊరిలో ఆ సాయంకాలము ఉన్న ఒక్క రేడియోచుట్టు కూర్చున్నవారు, రాయబారము సగములో నిలిచిపోయినందుకు రేడియో యజమానిమీద తగవునకు పోయిరట. తరువాత ఆయన చెప్పిన మాట నేటికిని నేను మఱువలేదు. ‘ముప్పై ఏండ్లు వాని పక్కన వాయించినా గాని వాని గొంతు నేను ఇన్లేదు నాయనా. నా పెట్టె మోతే ఇన్నా. ఆ పొద్దు వసారాలో కూర్చుంటే ఇనపడింది. వాని గొంతులో ఒక సన్న జీర ఉంది. అది ఎంత బాగుందో.’

పెట్టెను వెలుపల నుంచినందుకు ఆయనకు కోపము లేకపోలేదు. కాని ఆ జీరను ఆయనకు వినిపించినదియు ఆ వెలుపల నుంచుటయే. నేను హార్మోనియమును సమర్థించుచు వ్రాయదొడగిన ప్రతిసారియు ఈ మాట నా కలమునకు అడ్డు తగులును.

హార్మోనియము రంగస్థలమున ఎందుకు రాజ్యమేలినది? వేలమంది కూర్చున్న మైదానమున, పెట్రోమాక్సు దీపముల వెలుతురున, మైకు లేని దినములలో, గాయకుని స్వరము చివరివరుసకు చేరవలెను. సన్నని తంబూరా శ్రుతి అతనికే వినబడదు. పెద్దగొంతునకు పెద్దశ్రుతి కావలెను. అందుచేతనే మన నటులు కంచుకంఠములను సాధించిరి. హార్మోనియము వారికి ఊతకఱ్ఱ అయినది. గానశాలలో మైకు ఆ ఊతకఱ్ఱ అక్కఱను తీసివేసినది. అఱవనక్కఱలేదు, ఊపిరియు వినబడును. కంచుకంఠమునకు అచ్చట గౌరవము తగ్గినది; మెత్తనిగొంతునకు పెరిగినది. మనము లలితసంగీతమని పిలుచు ప్రక్రియ ఈ మైకు కడుపున పుట్టిన బిడ్డ. గురజాడ, కృష్ణశాస్త్రి ప్రభృతుల గేయములను పాడుటకు మెత్తనిగొంతు కావలెను. ఆ గొంతునకు ఈ గది కావలెను.

బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920–2018) 1941లో మద్రాసు కేంద్రమున చేరిరి. తానే వ్రాసి, తానే స్వరపఱచి, తానే పాడగల వాగ్గేయకారుడు ఉద్యోగిగా దొరకుట ఆ కేంద్రపు అదృష్టము. 1947లో స్వాతంత్ర్యము వచ్చిన వేళ ఆయన రచించి కూర్చిన ‘మాదీ స్వతంత్ర దేశం’ గీతమును టంగుటూరి సూర్యకుమారిగారు పాడగా మద్రాసు కేంద్రము వినిపించినది. సూర్యకుమారిగారి స్వరము మైదానపు స్వరము కాదు. పందిరిక్రింద రెండువేలమంది నడుమ ఆమెను నిలిపిన ఆ సౌకుమార్యము సగము పోవును. విజయవాడ కేంద్రమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వోలేటి వేంకటేశ్వర్లు, శ్రీరంగము గోపాలరత్నము మొదలైనవారు ఉదయపు భక్తిరంజనికి ఇచ్చిన రూపమును విననివారు మా తరమున లేరు. తత్త్వములు, అధ్యాత్మరామాయణకీర్తనలు, తరంగములు, పల్లెలో ముసలివారి నోట మాత్రమే ఉన్నవి ఎన్నో ఆ గదిలో విద్వాంసుల నోటికి ఎక్కినవి. ఈ లాభమును తక్కువచేయరాదు. మా అవ్వకు వచ్చిన తత్త్వములలో కొన్నిటిని రేడియో ఆమెకు మరల నేర్పెను. ఆమె పాఠమే సరియైనదని ఆమె కడవఱకు వాదించెను.

కనబడకుండుట వలన మఱియొక మేలు కలిగినది. దానిని గూర్చి మన సంస్కర్తలు తగినంత చెప్పలేదు. నాదస్వరము మన దేశమున మంగళవాద్యము. దానిని తెలుగునాట పోషించినవారిలో దూదేకుల కులపు ముస్లిములు అనేకులు. ప్రకాశము జిల్లా తూర్పుభాగమున కరవది గ్రామమున 1924లో పుట్టిన షేక్ చిన మౌలానాగారు చిలకలూరిపేట ఆదంసాహెబుగారివద్ద నేర్చి, తరువాత శ్రీరంగమున స్థిరపడి, 1998లో మద్రాసు సంగీతపరిషత్తువారి సంగీతకళానిధి బిరుదము నందిరి. పెండ్లిపందిటిలో నాదస్వరకారుడు ఎక్కడ కూర్చుండవలెనో, ఎప్పుడు భుజింపవలెనో మన ఊళ్ళలో నియమములు కలవు. గానశాలలో ఆయన కూర్చుండు చోటును నిర్ణయించినది కులము కాదు, మైకు. వినువానికి కనబడునది తోడిరాగమే. మా ఊరి అగ్రహారమున ఒక ఘనాపాఠిగారు ప్రాతఃకాలపు నాదస్వరము విననిది సంధ్యవార్చెడివారు కారు. వాయించువాడు ఎవ్వరో ప్రకటించిన పేరు ఆయన చెవిని పడకపోలేదు. ఒకనాడు ఎవ్వరో కొంటెగా అడుగగా ‘తోడి ఎవరింట పుట్టిందిరా?’ అని కసరెనట.

ఐనను కనబడని ఈ గదియే కొందఱు స్త్రీలను మాత్రము వెదకి చూచినది. కళావంతులు మన పదములకు, జావళులకు, అభినయమునకు తరతరముల ధర్మకర్తలు. గ్రామఫోను వచ్చిన తొలిదినములలో ధైర్యముగా యంత్రముముందు నిలిచి పాడినవారు ఎక్కువగా వారే. వీరేశలింగముగారు, రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు మేజువాణీలకు వ్యతిరేకముగా పోరాడుట న్యాయమే. బాలికలను దేవునికి వదలు ఆచారము 1947 చట్టముతో నిషిద్ధమగుట శుభమే. కాని 1946లో సర్దారు వల్లభభాయి పటేలుగారు సమాచారప్రసారశాఖను వహించినప్పుడు, నడవడి లోకాపవాదమునకు గుఱియైన గాయనీగాయకులకు రేడియో ప్రవేశము నిషేధింపబడెను. ఆ వేటు ఎవ్వరిమీద పడినదో చెప్పనక్కఱలేదు. సంస్కర్తలు కోరినదేమి? ఆ స్త్రీ పురుషుల కన్నులముందు ఆడిపాడి బ్రతుకకుండవలెనని. ఎవ్వరి కన్నును పడని గదిలో, ప్రభుత్వము చేతినుండి పారితోషికము పుచ్చుకొని, పాట మాత్రమే పాడి బ్రతుకు మార్గమొకటి అప్పుడే తెఱచుకొన్నది. ఆ మార్గమును ఆమెకు మూసివేయుట సంస్కరణమని నేను ఒప్పుకొనజాలను. క్షేత్రయ్యపదములు మాత్రము లోనికి పోయినవి, పాడువారు మాఱిరి.

1952లో కేస్కరుగారు మంత్రియైన పిమ్మట గాయకులను పరీక్షించి తరగతులుగా విభజించు పద్ధతి వచ్చెను. సినిమాపాట రేడియోనుండి ఇంచుమించుగా వెడలిపోయెను. జనము ముల్లు త్రిప్పి సిలోనుకు పోయిరి. 1957లో వివిధభారతి పెట్టి వారిని వెనుకకు పిలువవలసి వచ్చెను. పరీక్షాపద్ధతిని నేను నిందింపను. బడిపంతులునగు నాకు పరీక్షను నిందించు హక్కు లేదు. దానివలన సిఫారసులు తగ్గెననియు, పేదవిద్వాంసునికి నిలకడగల గౌరవము దొరకెననియు విన్నాను. కాని పరీక్షకు ప్రశ్నపత్రము ఒక్కటియే ఉన్నచో, చెక్కభజనవాడు ఏ తరగతిలో కూర్చుండును? ‘జానపదసంగీతము’ అని ఒక అరను చేసి అందులో వానిని ఉంచిరి. రాత్రియంతయు సాగవలసిన చెక్కభజన పదునైదు నిమిషములైనది. అడుగు లేని భజన అది. చెక్కభజనలో పాట సగము, పాదము సగము. గానశాల రత్నకంబళిమీద పాదము పలుకదు.

చెంచుల విషయము ఇంకను కఠినము. నల్లమల చెంచులను గూర్చి హైమెన్‌డార్ఫు 1943లోనే గొప్పగ్రంథము ప్రకటించెను. చదువుకొన్నవారము వారిని పుస్తకమున చదివితిమి. మా బడిలో ఒక యేడు దోర్నాల దిక్కు చెంచుబాలుడొకడు చేరెను. పిల్లల సభలో పాడుమనగా వాడు తరగతికి వీపుచేసి, కిటికీవైపు తిరిగి పాడెను. పిల్లలు నవ్విరి, నేనును ఇటు తిరుగుమని చెప్పబోయితిని. వాని పాట ఎదుటివారికి పాడునది కాదు, అడవిలోనికి పంపునదియేమో యని తోచి ఊరకుంటిని. వినువారు కనబడని గానశాల వానికి మాత్రము కొత్తకాదేమో!

నేడు మార్కాపురమునందును ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రమున్నది. మా పెద్దలు కలగనని మాట. కాని అది వచ్చునాటికి అప్పటికప్పుడు పాడించుటయను ఆచారము దేశమంతటను సన్నగిల్లినది. ముద్రించి, కత్తిరించి, దగ్గును, తడబాటును తీసివేసి వినిపింతురు. ముద్రించుట వలన నిలువయుండునను మేలు కలదు. 1940లలో మద్రాసు గదిలో పాడిన పాటలలో ఎన్నియో పాడిన నిమిషముననే పోయినవి. వాటి పేర్లు ‘వాణి’ పాతసంచికలలోని పట్టికలలో మిగిలినవి. పట్టికను చదివి రాగమును ఊహించుకొనుట ఎంగిలివిస్తరి చూచి విందును ఊహించుకొనుట వంటిది. ఐనను మార్కాపురపు గదిలో నెలకొక రాత్రియైనను మా ప్రాంతమువారు, నాదస్వరకారుడు, చెక్కభజనగురువు, సుగాలితండా స్త్రీలు, పద్యగాయకుడు, ముద్రణ లేకుండ, గడియారపు ముల్లునకు కొంత సడలింపుతో నేరుగా పాడుట నేను వినగోరుదును. హార్మోనియమును ఇప్పుడెవ్వరును వలదనరు. వాయించువారిని వెదకుకొనవలెను.

ఆ గిద్దలూరు వృద్ధుడు పోయి చాల యేండ్లైనది. ఆయన మనుమలు హార్మోనియమును మా బడికి ఇచ్చిరి. పలకల బీరువామీద ఉండును. వార్షికోత్సవమునకు దానిని క్రిందికి దింపి, దుమ్ము దులిపి, తిత్తికి గుడ్డముక్క అంటించి వాయింతుము. మధ్యస్థాయిలో రెండు మెట్లు పలుకవు. పద్యము పాడు పిల్లవాడు ఆ రెండుచోట్ల పెట్టె సాయము లేకయే స్వరము పట్టుకొనవలెను. కిందటేడు పాడిన బాలునికి పదమూడేండ్లు. ఆ చోట్ల వాని గొంతు కొంచెము వణకినది. వెనుకవరుసలోనుండి ఎవ్వరో ‘వన్సుమోరు’ అనిరి.